‘ట’ పోయిన వార్త

నాన్న పోయిన మరుసటి ఏడాది బందరులో ఇల్లు ఖాళీ చేస్తుంటే, వంటింటి గూట్లో పప్పు డబ్బాల వెనక నుంచి ఒక పాత బ్యాంకు డైరీ బయటపడింది. అందులో లెక్కలు లేవు. అమ్మ పేపర్లోంచి కత్తిరించి, అన్నం మెతుకులతో అంటించుకున్న ముక్కలున్నాయి. 2003లో నాన్నకి మొదటిసారి గుండెపోటు వచ్చింది. అప్పుడు నేను పదో తరగతి. 2012లో రెండోసారి వచ్చి ఆయన పోయేదాకా, తొమ్మిదేళ్ళపాటు, మహిళా పేజీల్లో తిండి గురించి తన కంటపడిన ప్రతి వార్తనీ అమ్మ దాచింది.

వెల్లుల్లి, మెంతులు, ఓట్స్, ఆలివ్ నూనె, గ్రీన్ టీ, నానబెట్టిన బాదం పప్పులు. కొబ్బరి వద్దు, నెయ్యి వద్దు, వేరుశనగ నూనె వద్దు. కొన్ని ముక్కల పక్కన పెన్సిల్‌తో ‘ఆయనకి’ అనీ, కొన్నిటి పక్కన ‘పిల్లకి’ అనీ రాసుకుంది. మొదటి పేజీల్లో ఒక ముక్క గుడ్డులోని పచ్చసొన గుండెకి శత్రువంటుంది. చివరి పేజీల్లో ఇంకో ముక్క రోజుకో గుడ్డు నిక్షేపంగా తినొచ్చంటుంది. ఈ రెండో దాని పక్కన ‘ఆయనకి’ అని లేదు. ఒక ప్రశ్నార్థకం ఉంది.

డైరీ చేత్తో పట్టుకుని అమ్మ అడిగింది: “తొమ్మిదేళ్ళు పచ్చసొన తీసేసి తెల్లసొనే పెట్టాను మీ నాన్నకి. ఇప్పుడేమో అది మంచిదేనంటున్నారు. మరి నేను చేసింది మంచా, చెడా?”

నేనప్పటికి విశ్వవిద్యాలయంలో పరిశోధన మొదలుపెట్టాను. పాఠాన్ని ఎలా చదవాలో, ప్రతి మాట వెనక ఎవరున్నారో వెతకడం నేర్చుకుంటున్నాను. అమ్మ ప్రశ్నకి మాత్రం జవాబు లేకపోయింది. “పోనీలే అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు” అన్నాను. అమ్మల ప్రశ్నలకి మనం సాధారణంగా చెప్పే జవాబే అది.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆలోచించేకొద్దీ అది పచ్చసొన గురించి కాదనిపించింది. ఒకరికి పూర్తిగా తెలియని విషయాన్ని తెలిసినట్టుగా ఇంకొకరికి చెప్పి, దాన్నిబట్టి బతుకు నడుపుకోమనడం న్యాయమేనా? తరవాత ఆ మాట మారితే సంజాయిషీ ఎవరు చెప్పాలి? శాస్త్రవేత్త తన పాత వ్యాసాన్ని సవరిస్తూ కొత్తది రాసుకుంటాడు. పత్రిక రేపు ఇంకో వార్త వేసుకుంటుంది. పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి మాత్రం నేనే సరిగా పెట్టలేదేమోనన్న అపరాధభావం మిగులుతుంది.

డైరీని నాతో హైదరాబాదు తెచ్చుకుని, నాకు చేతనైన పద్ధతిలోనే చదివాను. అంటే వాక్యాలు చూశాను. మన భాషలో ఒక చిన్న అక్షరముంది. “వాళ్ళమ్మాయికి సంబంధం కుదిరిందట.” ఆ చివరి ‘ట’ ఎంత పని చేస్తుందో గమనించండి. నేను చూడలేదు, విన్నాను, నిజమో కాదో విన్నచోట అడగాలి అని ఒక్క అక్షరంలో చెప్పేస్తుంది. ఆడవాళ్ళ మాటల్ని వెక్కిరించాలనుకున్నవాళ్ళు ‘ఔనట, కాదట’ అని సాగదీసి అనుకరిస్తారు. అమ్మలక్కల కబుర్లకి ప్రమాణం లేదంటారు. నాకైతే ఆ ‘ట’లో జ్ఞానం పట్ల గొప్ప నిజాయితీ కనిపిస్తుంది. తనకి ఎంతవరకు తెలుసో, ఎక్కడ తెలియడం ఆగిపోయిందో చెప్పి మరీ మాట్లాడటమది.

డైరీలోని ముక్కలన్నిటికీ దాదాపు ఒకే అల్లిక ఉంది. శీర్షికలో ‘ట’ ఉండదు. ఫలానాది తింటే గుండె పదిలం, అంతే. మొదటి వాక్యంలో ‘తగ్గిస్తుంది’, ‘నివారిస్తుంది’. చిట్టచివరి వాక్యంలో, ‘ఒక అధ్యయనంలో తేలిందట’. అసలు వార్త మొత్తాన్ని మోయవలసిన అక్షరం, బంతిలో ఆఖరున కూర్చున్న ఇంటి కోడలిలా, అందరి తరవాత వస్తుంది. అది కూడా ఉత్త ‘ట’. పక్కింటి పిన్నిగారి ‘ట’కి చిరునామా ఉంటుంది. “ఎవరు చెప్పారు పిన్నీ?” అని గోడ దగ్గరికి వెళ్ళి అడగొచ్చు. ఆవిడ తడబడితే మనకి అర్థమైపోతుంది. పేపర్లోని ‘ట’కి ఆ గోడ లేదు. ఏ పరిశోధకులు, ఎవరి మీద, ఎంతమంది మీద, ఎన్నాళ్ళు, ఎవరి డబ్బుతో? ఏదీ ఉండదు.

ఇవి ఎందుకంత ముఖ్యమో తెలుసుకోవడానికి నా రంగం కాని రంగంలోకి కొంత దూరం వెళ్ళవలసి వచ్చింది. పోషకాహారం గురించి మనం చదివే వార్తల్లో చాలా భాగం ఒక రకం అధ్యయనాల నుంచి వస్తాయి. వేలమందిని ఏం తింటున్నారని అడిగి, రాసుకుని, ఏళ్ళ తరబడి వాళ్ళ ఆరోగ్యాన్ని గమనిస్తారు. వీటిలో బాగా పేరున్నది అమెరికాలో 1976లో మొదలైంది. 1,21,700 మంది స్త్రీలు, అందరూ నర్సులే, ప్రశ్నావళులు నింపి పంపారు. ఇలాంటి అధ్యయనం రెండు విషయాలు కలిసి కనిపిస్తున్నాయని చెప్పగలదు. ఒకదాని వల్లే రెండోది జరిగిందని చెప్పడం దానికి చాలా కష్టం. మా వీధిలో లెక్క తీస్తే పట్టుచీరలు ఎక్కువగా కట్టే ఆడవాళ్ళు ఎక్కువకాలం బతుకుతున్నారని తేలవచ్చు. పట్టుచీర ఆయుష్షు పెంచదు. పట్టుచీర కొనగలిగిన ఇంట్లో డాక్టరు ఫీజుకీ డబ్బుంటుంది, అంతే. పరిశోధకులు ఇలాంటి తేడాలను లెక్కల్లో సరిచేయడానికి ప్రయత్నిస్తారు. పూర్తిగా చేయలేమని తమ వ్యాసాల్లో రాస్తారు కూడా. ఆ వాక్యమే పేపర్లోకి రాదు.

అది రాకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణలు తక్కువేం కాదు. పచ్చని, పసుప్పచ్చని కూరగాయలు ఎక్కువ తినేవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా కనిపించేది. వాటిలో ఉండే బీటా కెరోటిన్ కాపాడుతోందేమోనని ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్ళ మీద పరీక్షించారు. మాత్ర ఎవరికివ్వాలో, ఉత్తుత్తి మాత్ర ఎవరికివ్వాలో చీటీ తీసినట్టు నిర్ణయించారు. 1994లో ఫలితాలొచ్చాయి. మాత్ర మింగినవాళ్ళలో క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం ఎక్కువైంది.

అలాగే కొవ్వు తగ్గిస్తే రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బు తగ్గుతాయా అని అమెరికాలోనే 48,835 మంది స్త్రీల మీద, అందరూ ముట్లుడిగినవాళ్ళే, సగటున ఎనిమిదేళ్ళపాటు పరీక్షించారు. 2006లో ఫలితాలు వచ్చాయి. చెప్పుకోదగ్గ తేడా రుజువు కాలేదు. రుజువు కాకపోవడం ఒకటి, తేడా లేదని రుజువు కావడం ఇంకొకటి. ఆ రెండిటి మధ్య ఉన్న సన్నటి దారిలో నడవడానికి వార్తా శీర్షికలో చోటుండదు. నిన్నటిదాకా కొవ్వు శత్రువు. ఆ మర్నాటికి కొవ్వు తగ్గించడం దండగ.

2013లో ఇద్దరు పరిశోధకులు సరదాగా కనిపించే ఒక పని చేశారు. ఫానీ ఫార్మర్ అనే ఆవిడ 1896లో తెచ్చిన బోస్టన్ వంటల పుస్తకం అమెరికాలో తరతరాల ఇళ్ళలో ఉంది. అందులోంచి లాటరీ తీసినట్టు 50 పదార్థాలు తీసుకుని, వాటికీ క్యాన్సర్‌కీ ముడిపెట్టిన అధ్యయనాలు వెతికారు. 50లో 40 పదార్థాలకి దొరికాయి. ఆ 264 అధ్యయనాల్లో 103 ముప్పు పెరుగుతుందన్నాయి, 88 తగ్గుతుందన్నాయి. చాలావాటిలో ఆధారం బలహీనం. వంటల పుస్తకం మొత్తం ఒక భయాల పుస్తకమైపోయిందన్నమాట. ఆ పుస్తకం ఏ ఇంట్లో ఎవరి చేతుల్లో ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఇక 2015లో జరిగింది చదివితే నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తాయి. జాన్ బోహానన్ అనే సైన్సు పాత్రికేయుడు, ఇద్దరు జర్మన్ డాక్యుమెంటరీ నిర్మాతలతో కలిసి, చాక్లెట్ తింటే బరువు త్వరగా తగ్గుతారని ఒక అధ్యయనం ‘చేశాడు’. మనుషులు నిజం, కొలతలు నిజం. కానీ లెక్కకి వచ్చింది 15 మంది, వాళ్ళని మూడు గుంపులు చేసి మూడు వారాలు, 18 రకాల కొలతలు. అంత తక్కువమందిలో అన్ని కొలతలు తీస్తే ఏదో ఒకటి కాకతాళీయంగానైనా కలిసొస్తుంది. డబ్బు తీసుకుని వేసే ఒక పత్రికలో అచ్చువేయించి, లేని సంస్థ పేరుతో ప్రకటన పంపాడు. జర్మనీలోని బిల్డ్ మొదటి పేజీలో వేసింది. ఇరవైకి పైగా దేశాల్లో వార్త అయింది. ఎంతమంది మీద చేశారని దాదాపు ఎవరూ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే వార్త అక్కడే ఆగిపోయేది.

తప్పంతా పాత్రికేయుల మీదే తోసేయడం తేలిక. అది నిజం కాదు. బ్రిటన్‌లో 20 ప్రముఖ విశ్వవిద్యాలయాలు 2011లో విడుదల చేసిన 462 పత్రికా ప్రకటనలను పరిశీలించి 2014లో ఒక వ్యాసం వచ్చింది. పాఠకులకిచ్చే సలహాల్లో అతిశయోక్తి 40 శాతం ప్రకటనల్లోనే ఉంది. ఎలుకల మీదో మరో జంతువు మీదో చేసినదాన్ని మనుషులకి అంటగట్టడం 36 శాతంలో ఉంది. విశ్వవిద్యాలయం పెద్దగా చెబితే పత్రికా పెద్దగా చెప్పింది. అది జాగ్రత్తగా చెబితే పత్రిక అతిశయించడం చాలా తగ్గింది. అంటే ‘ట’ని మొదట ఊడబీకింది చాలాసార్లు మా చదువుల గుళ్ళే. పైగా డబ్బు సంగతుంది. 1967లో హార్వర్డ్ పరిశోధకులు గుండెజబ్బు విషయంలో చక్కెర మీద అనుమానాలు తగ్గించి కొవ్వు వైపు వేలు చూపిస్తూ రాసిన సమీక్షకి చక్కెర పరిశ్రమ డబ్బిచ్చిందని 2016లో, దాదాపు యాభై ఏళ్ళ తరవాత, పాత ఉత్తరాల్లో బయటపడింది.

మన దగ్గర ఈ వార్తలు రాసేవాళ్ళ సంగతి కూడా మర్చిపోకూడదు. నా స్నేహితురాలు ఒకామె ఒక దినపత్రికలో మహిళా పేజీకి పనిచేసింది. రోజుకి ఇన్ని ముక్కలు కావాలి. ఇంగ్లీషులో వచ్చింది తెలుగు చేయాలి. అసలు వ్యాసం చూసే వీలు లేదు, చూసేంత సమయం అసలే లేదు. “బాక్సు నిండాలి, అంతే” అనేది. ఇంగ్లీషులో ఉన్న ‘కావచ్చు’, ‘ఉండవచ్చు’లు తెలుగులో బరువుగా ఉన్నాయని తీసేయమనేవారట. తక్కువ జీతంతో ఆమె నింపిన బాక్సుని, అసలు జీతమే లేని మా అమ్మ కత్తిరించి అంటించుకుంది. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఒక అబద్ధం, ఇద్దరికీ అది అబద్ధమని తెలియకుండా, చేతులు మారింది.

ఇప్పుడు ఈ వార్తల్లో క్రియలు చూడండి. పెట్టండి, వండండి, మానేయండి, నానబెట్టండి, అలవాటు చేయండి. తినేవాళ్ళు వేరు, ఆజ్ఞ అందుకునేవాళ్ళు వేరు. ‘మీవారికి’, ‘మీ పిల్లలకి’, ‘ఇంట్లో పెద్దవాళ్ళకి’. కుటుంబంలో అందరి గుండెలు, ఎముకలు, మెదళ్ళు, చక్కెర శాతాలు ఒక మనిషి గరిటె మీద ఆధారపడి ఉన్నాయని ప్రతి పూటా గుర్తుచేసే వ్యాకరణమిది. గాలిలో విషం, పని ఒత్తిడి, నిద్రలేమి, ఊళ్ళో మంచి ఆసుపత్రి లేకపోవడం, వీటిలో ఏదీ ఆజ్ఞార్థకంలోకి రాదు. గుండెపోటు ఇంటికొస్తే ముందు ప్రశ్న వంటింటికే.

అదే దినపత్రికలో వ్యాపారం పేజీ తిప్పి చూడండి. సూచీ పెరగవచ్చు, తగ్గవచ్చు. మ్యూచువల్ ఫండ్ ప్రకటనకి కూడా నష్టభయం ఉందన్న హెచ్చరిక తప్పనిసరి. ఆ పేజీ పాఠకుడు అనిశ్చితిని అర్థం చేసుకోగల మనిషని వాళ్ళ నమ్మకం. వాతావరణం వార్తలో ‘కురిసే అవకాశం’ ఉంటుంది. మహిళా పేజీకి వచ్చేసరికి ‘అవకాశం’ పోయి ఆదేశం మిగులుతుంది. మామూలు పాఠకులకి గందరగోళం వద్దు, సులువుగా చెప్పాలి అంటారు. సులువుగా చెప్పడం వేరు, తెలియనిదాన్ని దాచడం వేరు. చేపల బజారులో మొప్ప ఎత్తి చూసి తాజాదో కాదో నిర్ణయించే ఆడవాళ్ళు, చీటీ ఎప్పుడు పాడాలో లెక్క కట్టుకునే ఆడవాళ్ళు, ‘ఇంకా ఖాయంగా తెలియదు’ అన్న మాటని తట్టుకోలేరా?

అనిశ్చితిని దాచిన వార్త ఎవరికి ఆయుధమవుతుందో కూడా చెప్పలేం. 2015 అక్టోబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు ఉన్న వర్గమే అది. ఆ వర్గం సాక్ష్యం ఎంత బలంగా ఉందో చెబుతుంది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందన్నది అందులో అంకె. బ్రిటన్ లెక్కల్లో దీన్ని ఇలా విప్పి చెప్పారు: చాలా తక్కువ తినేవాళ్ళలో వెయ్యికి సుమారు 56 మందికి ఆ జబ్బు వస్తే, బాగా ఎక్కువ తినేవాళ్ళలో 66 మందికి వస్తుంది. పదిమంది ప్రాణాలు చిన్న విషయం కాదు. కానీ ‘మాంసం సిగరెట్‌తో సమానం’ అన్నది ఇందులో లేదు. సాసేజీలు, బేకన్ల గురించి చెప్పిన మాట మన దేశంలో ‘మాంసం’ అనే ఒక్క మాటగా దిగిన కాలం ఎలాంటిది? దాద్రిలో ఇంట్లో గొడ్డుమాంసం ఉందన్న పేరుతో మొహమ్మద్ అఖ్లాక్‌ని కొట్టి చంపి అప్పటికి నెల తిరగలేదు. ఎవరి తిండి శుచి, ఎవరిది కాదు అనే పాత కులధర్మానికి కొత్తగా ప్రయోగశాల ముద్ర దొరికినట్టయింది. తిండి మీద వార్త రాసేవాళ్ళు ఆ వార్త ఏ నేల మీద పడుతుందో చూసుకోనక్కర్లేదా?

ఇంత చెప్పాక, శాస్త్రం మాటెందుకు, మన అమ్మమ్మల వంటే మేలు అనేవాళ్ళతో నేను చేతులు కలపలేను. బాలింతకి మంచినీళ్ళు కూడా కొలిచి పోసింది ఆ వంటిల్లే. చూలింతకి ఇది వేడి, అది చలవ అని సగం కూరగాయలు దూరం చేసిందీ అదే. అందరూ తిన్నాక అడుగూబొడుగూ తినే నియమాన్ని ధర్మంగా నేర్పిందీ అదే. ఆ పథ్యాల చీకటిలోంచి మనల్ని బయటికి తెచ్చినదాంట్లో పోషకాహార శాస్త్రానికీ వాటా ఉంది. 1918లో కూనూరులో ఒక చిన్న గదిలాంటి చోట మొదలై, 1958లో హైదరాబాదుకి వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ చేసిన పనికి మనం రుణపడి ఉన్నాం. పేద పిల్లల సమస్య ప్రొటీన్ కొరత అని ప్రపంచమంతా ప్రొటీన్ పొడుల వెంటపడుతున్న రోజుల్లో, డాక్టర్ సి.గోపాలన్, ఆయన సహచరులు అసలు సమస్య కడుపు నిండకపోవడమేనని, ఇంట్లో తినే తిండే చాలినంత దొరికితే పిల్లలు ఎదుగుతారని చూపించారు. తప్పు దిద్దుకోవడం శాస్త్రానికి సిగ్గు కాదు, అదే దాని బలం. కానీ ‘నిన్న తప్పు చెప్పాం’ అని చెప్పుకోగలగడానికి, నిన్న చెప్పినప్పుడే ‘ఇప్పటికి తెలిసినంతవరకు’ అని ఉండాలి.

అసలు దుఃఖం ఇంకొకటుంది. బాగా తెలిసిన విషయాలు వార్తలు కావు. వార్త అంటే కొత్తది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మగవాళ్ళలో 25 శాతం. అంతకు ముందు సర్వేలోనూ సగానికి పైనే. పాత సంగతి కాబట్టి లోపలి పేజీలో ఒకరోజు వచ్చి పోతుంది. చాక్లెట్ సంగతి మాత్రం ఎప్పుడూ కొత్తదే. 2024 మేలో పోషకాహార సంస్థ భారతీయుల కోసం 17 మార్గదర్శకాలు విడుదల చేసినప్పుడు భోజనానికి గంట ముందూ గంట తరవాతా టీ, కాఫీలు తాగొద్దన్న మాట పెద్దగా మోగింది. టీలో ఉండే టానిన్లు తిండిలోని ఇనుముని ఒంటికి పట్టనివ్వవు, అదీ కారణం. నేను చూసిన వార్తల్లో టీ శీర్షికకెక్కింది, ఇనుము అడుగున ఉండిపోయింది. ఆ ఇనుము ఎవరి ఒంట్లో తక్కువో ఒక్క వాక్యం కూడా లేదు.

జొన్నలు, కొర్రల కథా ఇంతే. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దళిత స్త్రీల సంఘాలు దశాబ్దాలుగా చిరుధాన్యాల విత్తనాలు దాచి, పండించి, వాటి గురించి మాట్లాడుతూనే ఉన్నాయి. 2008 నుంచి సొంత రేడియోలోనే చెబుతున్నారు. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక, ‘సూపర్ ఫుడ్’ అన్న పేరుతో అవి నగరాల అంగళ్ళలో మెరిశాక గానీ మన మహిళా పేజీలకి అది పెద్ద వార్త కాలేదు. పండించినవాళ్ళ మాట కబురు, ప్యాకెట్ మీద మాట సమాచారం.

మళ్ళీ డైరీ దగ్గరికి వస్తాను. ‘ఆయనకి’ అని ఉంది. ‘పిల్లకి’ అని ఉంది. ‘నాకు’ అని ఒక్కచోటా లేదు. మొదట చదివినప్పుడు నేను కూడా అది గమనించలేదు. నాన్న పోయిన రెండేళ్ళకి అమ్మ ఒకరోజు బస్టాపులో కళ్ళు తిరిగి పడిపోయింది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిది. ఎన్నాళ్ళ నుంచి అలా ఉందో ఎవరికీ తెలియదు. ఆమె భోజనం మూడింటికి. తిన్న చేత్తోనే టీ గ్లాసు. నాన్నకి తీసేసిన పచ్చసొనలు ఇన్నేళ్ళూ ఏం చేశావని అడిగితే, “కుక్కకి పెట్టేదాన్ని. ఇంట్లో ఒకళ్ళకి చెడ్డదైంది నాకు మాత్రం మంచిదెలా అవుతుంది?” అంది. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీల్లో గర్భిణులకీ బాలింతలకీ భోజనంతో పాటు గుడ్డు పెడుతున్నారు. ఆడవాళ్ళ ఒంటికి మంచి తిండిగా ప్రభుత్వమే ఇచ్చేదాన్ని, ఒక శీర్షికని నమ్మి మా అమ్మ కుక్క గిన్నెలో వేసింది.

మరి ఆమె ప్రశ్నకి జవాబేమిటి? చాలా ఏళ్ళు పట్టినా, చదివి ఒకరోజు కూర్చోబెట్టి చెప్పాను. అమెరికా గుండె సంఘం 1968లో రోజుకి 300 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ దాటొద్దని, వారానికి మూడు పచ్చసొనలకి మించొద్దని చెప్పింది. 1984లో టైమ్ పత్రిక ముఖచిత్రం మీద రెండు గుడ్ల కళ్ళతో, బేకన్ ముక్క నోటితో ఒక ఏడుపు మొహం వేసింది. 2014లో అదే పత్రిక వెన్న తినమంది. అమెరికా ప్రభుత్వ ఆహార మార్గదర్శకాల్లో 2015–20 విడత నుంచి ఆ 300 అంకె పోయింది. వెంటనే గుడ్డు నిర్దోషి అని వార్తలొచ్చాయి. కానీ ఆ పత్రంలోనే, అంకె తీసేసినంత మాత్రాన కొలెస్టరాల్ సంగతి పట్టించుకోనక్కర్లేదని కాదు, వీలైనంత తక్కువే తినండి అని కూడా ఉంది. అది వార్తల్లోకి పెద్దగా రాలేదు. గుండెజబ్బు ఉన్నవాళ్ళ సంగతి మళ్ళీ వేరు, వాళ్ళ డాక్టరుతో తేల్చుకోవాలి.

“అంటే?” అంది అమ్మ.

“అంటే, వేలమందిని లెక్కగట్టి ఎంతమందికి ఎంత ముప్పో చెప్పగలరు గానీ, నాన్న ఒక్కరి విషయంలో పచ్చసొన ఏం చేసిందో ఏ అధ్యయనమూ చెప్పలేదమ్మా. నువ్వు తీసేయడం వల్ల ఆయన తొమ్మిదేళ్ళు ఉన్నారనీ చెప్పలేం, పెట్టి ఉంటే ఇంకా ఉండేవారనీ చెప్పలేం.”

ఓదార్పుగా ఉంటుందో లేదోనని భయపడ్డాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, “ఈ మాట అప్పుడే రాసుంటే సరిపోయేదిగా” అంది.

ఇంత రాసి నేను తేల్చుకున్నది ఆ ఒక్క మాటే. తెలియదని చెప్పడం పాఠకురాలిని గందరగోళపెట్టడం కాదు, ఆమెని గౌరవించడం. శీర్షికలోనే ‘ట’ ఉంచండి. ఉంచి దానికి చిరునామా ఇవ్వండి. ఎవరు చేశారు, ఎవరి మీద, ఎంతమంది మీద, ఎవరి డబ్బుతో, వెయ్యిమందిలో ఎంతమందికి తేడా. మాట మారినప్పుడు, ఫలానా రోజున మేమే ఇలా రాశామని గుర్తుచేయండి. ఆజ్ఞార్థకం వాడక తప్పదనుకుంటే ఇంట్లో అందరినీ ఉద్దేశించి వాడండి. ఇవి పత్రికలకి మాత్రమే కాదు. పరిశోధన అనే మాటని మన పేర్ల పక్కన పెట్టుకుని తిరిగే మనకి కూడా. మన వ్యాసాల్లో, పాఠాల్లో మనం ఎన్ని ‘ట’లు మింగేస్తున్నామో ఒకసారి చూసుకోవాలి.

అమ్మ ఇప్పుడు డైరీలో ఏమీ అంటించడం లేదు. ఉదయం పేపరు చదివి నాకు ఫోన్ చేస్తుంది. “ఏదో గింజలు నానబెట్టుకు తింటే షుగరు తగ్గుతుందట” అంటుంది. ‘ట’ని కాస్త ఒత్తి పలుకుతుంది. ఎవరన్నారమ్మా అని నేను అడిగేలోపు తనే అంటుంది: “ఎవరన్నారో రాయలేదులే.”